తూము దాకా

ఈ ఏడు చలి చెప్పాపెట్టకుండా వచ్చింది. విశాఖ కార్తె వెళ్ళి అనూరాధ ప్రవేశించిన రెండో రోజో మూడో రోజో, తెల్లవారుజామున గేటు గొళ్ళెం తీయబోతే ఇనుము వేళ్ళకు చురుక్కున తగిలింది. ముందటి వారం దాకా ఫ్యాను కింద పడుకున్నవాణ్ణి. దెందులూరు చలి కూడా ఒక చలేనా అని మీరు నవ్వవచ్చు. లంబసింగి మంచు చూసినవారికీ, వాకిట్లో మంచును పారతో ఎత్తిపోసే దేశాల్లో ఉన్నవారికీ ఆ హక్కు ఉంది. మాది మహా అయితే పదిహేడు, పద్దెనిమిది డిగ్రీల చలి. ఆ మాత్రానికే మా వీధిలో మఫ్లర్లూ మంకీ క్యాపులూ బీరువాల్లోంచి బయటపడతాయి, టీకొట్టు ముందు చితుకుల మంట వెలుగుతుంది.

అయితే మా ఇంట్లో చలిని మొదట కనిపెట్టింది నేను కాదు, టైగరు. గొళ్ళెం పట్టుకుని వెనక్కి చూస్తే వాడింకా వరండాలో గోనెపట్టా మీదే ఉన్నాడు. తోకతో నేలను రెండుసార్లు కొట్టాడు. లేవలేదు. అయిదు గంటల నడకకు వాడు నాకంటే ముందుగా గేటు దగ్గర లేకపోవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

టైగరు లాబ్రడార్ జాతి కుక్క. 2013లో, ఉద్యోగ విరమణ చేసిన ఏడాది, నాన్నగారు ఏలూరులో తెలిసినవారింటి నుంచి చేతిసంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చారు. తేనెరంగు ఒళ్ళు, వేలాడే చెవులు, దొంగ వచ్చినా తోక ఊపే స్వభావం. పేరుకు మాత్రం పులి. నాన్నగారు తెలుగు మాస్టారు. కుక్క అమహద్వాచకమని, దానికి "వాడు" అనే సర్వనామం చెల్లదని బడిలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన మనిషి, ఇంటికొచ్చి "వాడు అన్నం తిన్నాడా?" అని అడిగేవారు. అమ్మ ఎత్తిపొడిస్తే, "వ్యాకరణం బడి గేటు వరకే" అనేవారట. అందుచేత నేనూ "వాడు" అనే రాస్తున్నాను. మా రెండో కుక్క బూరి. అది ఆడది కనుక ఏ పేచీ లేదు. "అది" అంటే ఇటు వ్యాకరణానికీ అటు వాడుకకూ సరిపోతుంది.

బూరి గురించి చెప్పాలంటే ఒక తిట్టు దగ్గర మొదలుపెట్టాలి. "చిత్తకార్తె కుక్క" అన్నమాట మీరందరూ వినే ఉంటారు. అక్టోబరు రెండో వారంలో వచ్చే ఆ కార్తె వీధికుక్కలు జతకట్టే కాలం. కుక్క చూలు సుమారు అరవై మూడు రోజులు. లెక్క వేసి చూడండి, పిల్లలు పుట్టేది సరిగ్గా ధనుర్మాసంలో, ఏడాదిలోకెల్లా చల్లని రోజుల్లో. కళ్ళు తెరవని కూనలకు తమ ఒంటి వేడిని తాము నిలుపుకునే శక్తి ఉండదు. తల్లి పొట్టకూ తోబుట్టువులకూ మధ్య ఇరుక్కుంటేనే వాటికి వెచ్చదనం. తిట్టును కనిపెట్టినవారు లెక్కలో ఈ రెండో సగం వదిలేశారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు కోసిన పనలు చేలల్లోనే నానిపోయాయి. ఆ తరవాత రెండు వారాలకు, పైన ఆరి లోపల ఇంకా చెమ్మ వదలని గడ్డిమేటు కింద ఒక వీధికుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. సంక్రాంతి నాటికి మిగిలింది ఒకటి. గుండ్రంగా, గోధుమరంగులో, నేతిలోంచి అప్పుడే తీసినట్టు ఉన్న దాన్ని చూసి అమ్మ బూరి అని పేరు పెట్టింది. పేరు పెట్టాక ఇక బయట వదలడం కుదరదు కదా.

మా నడకదారి కొబ్బరితోట పక్కగా వెళ్ళి కాలువగట్టు ఎక్కుతుంది. గోదావరి నీళ్ళను ఏలూరుకు మోసుకుపోయే కాలువ అది. గట్టు మీద మాకు మూడు గుర్తులు: ముందు నిద్రగన్నేరు చెట్టు, తరవాత తూము, ఆ తరవాత వంతెన. వంతెన దాకా వెళ్ళి వస్తే మూడు కిలోమీటర్లు. నాన్నగారి నడక ఎప్పుడూ వంతెన దాకానే. అయిదింటికి బయలుదేరి, వెలుగు వచ్చే వేళకు తిరిగి వచ్చేవారు. కాఫీ గ్లాసు అందిస్తూ అమ్మ "ఎందాకా?" అని అడిగేది. "వంతెన దాకా" అని ఆయన చెప్పేవారు. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఆ మాటలో సమాచారమేమీ లేదని, అది వాళ్ళిద్దరి సుప్రభాతమని నాకు అర్థమయ్యేసరికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆయన 2019 మాఘమాసంలో పోయారు. నేను అప్పుడు హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను, కర్మకాండలు ముగించుకుని వెళ్ళిపోయాను. ఆ తరవాత ఏడాది పైగా టైగరు ఒక్కడే అయిదింటికి గోడ కింద సందులోంచి బయటికి వెళ్ళి, వంతెన దగ్గర కాసేపు నిలబడి తిరిగి వచ్చేవాడట. ఆ సంగతి అమ్మ చెప్పలేదు, పాలు పోసే ఆయన చెప్పాడు. 2020లో లాక్‌డౌన్ వచ్చింది. ల్యాప్‌టాప్ పట్టుకుని నెల రోజులకని వచ్చినవాణ్ణి, ఉండిపోయాను. గొలుసు నా చేతికి వచ్చింది. వేళ మార్చలేదు, దారి మార్చలేదు. అయిదు గంటలు, వంతెన. ఆయనకు నేను చేయగలిగిన నిత్యకర్మ అదొక్కటే అనుకున్నాను.

చలి మొదలయ్యే ఈ రోజుల్లో కాలువగట్టు చూడవలసిందే. గాలి చల్లబడినంత తొందరగా నీళ్ళు చల్లబడవు. రాత్రంతా చల్లారిన గాలి ఆ గోరువెచ్చని నీటి మీదికి వచ్చేసరికి కాలువ పొడుగునా పొగలు లేస్తాయి, ఎవరో కింద పొయ్యి పెట్టినట్టు. దక్షిణాన కొల్లేరు వైపు చూస్తే పొలాల మీద తెల్లటి దుప్పటి పరిచి ఉంటుంది. చలిరాత్రి నేల దగ్గరి గాలి బరువెక్కి కదలకుండా కూర్చుంటుంది, పైనున్న వెచ్చని గాలి దానికి మూత పెడుతుంది. పొయ్యిల పొగ, కోసిన వరి పచ్చివాసన, చేపల చెరువుల నీచు, ఏదీ పైకి పోదు. మనకే అన్ని వాసనలు తెలిస్తే, ఇక కుక్క మాట చెప్పేదేముంది. మన ముక్కులో వాసన పట్టే కణాలు యాభై అరవై లక్షలైతే కుక్క ముక్కులో ఇరవై కోట్లకు పైనేనంటారు. చలికాలపు ఉదయం వాటికి పేజీలు పెంచి వేసిన దినపత్రిక వంటిది. రాత్రి ఎవరు వచ్చారు, ఎటు పోయారు, ఏం తిన్నారు, అంతా గడ్డి మొదళ్ళలో చదువుకుంటాయి. బూరి శీర్షికలు మాత్రం చూసి పరుగెత్తుతుంది. టైగరు సంపాదకీయం కూడా వదలడు.

అందం ఉన్నచోట జాగ్రత్త కూడా ఉండాలి. కోతల కాలంలో రక్తపింజర గట్ల మీదా పనల కిందా ఉంటుంది, టార్చిలైటు లేనిదే చీకట్లో అడుగు వేయకూడదు. గట్ల పక్క ఎలుకల బొరియల్లో మందు పెట్టి ఉంటారు, దారిలో దొరికినదాన్నల్లా నోట పెట్టుకునే బూరి లాంటిదాన్ని గొలుసు లేకుండా వదలరాదు. రోడ్డు వారన ఎండబోసిన ధాన్యం మీదికి కుక్కను పోనిచ్చామా, రైతు నోటి నుంచి వచ్చేది ఏ నిఘంటువులోనూ ఉండదు, ఉండకపోయినా ఆయనదే న్యాయం.

టైగరు ఆ రోజు ఆలస్యంగానైనా లేచాడు. కాని వెనక కాళ్ళు ఆనవాలు పట్టలేనట్టు నడిచాడు. వంతెన దాకా వెళ్ళలేదు, తూము దగ్గరే కూర్చుండిపోయాడు. రెండు రోజులు చూసి అమ్మ తన మోకాళ్ళ నొప్పుల మాత్ర సగం చేసి పెరుగన్నంలో పెడదామంది. "నాకు పనిచేస్తున్నది దానికి ఎందుకు పనిచేయదురా?" అంది. పెట్టలేదు కాబట్టి బతికిపోయాం. మన ఇళ్ళల్లో ఉండే జ్వరం మాత్రలూ నొప్పి మాత్రలూ చాలావరకు కుక్కకు విషంతో సమానమని, కాలేయమో మూత్రపిండాలో కడుపులో పేగులో దెబ్బతింటాయని డాక్టరుగారు తరవాత చెప్పారు. కుక్కలున్నవారు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు, మిగతా వ్యాసం మరిచిపోయినా ఫరవాలేదు.

డాక్టరుగారు టైగరు కాళ్ళు ఒక్కొక్కటీ వంచి చూశారు. తుంటి దగ్గర వాడు మూతి తిప్పి ఆయన చేతిని నోట పట్టుకున్నాడు, కొరకలేదు. కీళ్ళు అరిగాయన్నారు. ఈ జాతికి అది మామూలేనట. నయం కాదు, నొప్పి తగ్గించుకుంటూ పోవాలి, బరువు తగ్గించాలి, చెక్కబల్ల మీద గడ్డీ గోనెసంచులూ పరిచి పడుకోబెట్టాలి. నడక మానిపిద్దామా అని అడిగాను. "మానిపిస్తే కీళ్ళు బిగుసుకుపోతాయండి. ఎక్కువ నడిపిస్తే వాస్తాయి. కొంచెం నడిపించండి. ఎండ వచ్చాక నడిపించండి" అన్నారు.

నా చిక్కంతా ఆ చివరి మాటలో ఉంది. ఎండ వచ్చాకనా? అయిదు గంటల నడక నాన్నగారిది. దాన్ని ఏడింటికి జరపడమంటే ఏదో మాట తప్పినట్టు అనిపించింది. ఆలోచించి, అతి తెలివైన పరిష్కారమొకటి కనిపెట్టాను. అయిదింటికి బూరితో వంతెన దాకా వెళతాను. ఎండెక్కాక టైగరును వీధి చివరి దాకా తిప్పుతాను. వేళా దక్కింది, వైద్యమూ దక్కింది.

మర్నాడు గేటు మూసి పది అడుగులు వేశానో లేదో, వెనక నుంచి ఏడుపు మొదలయింది. అరుపు కాదు, సన్నగా, తెంపు లేకుండా, గిలక అరిగిన నూతి దగ్గర వినపడే చప్పుడు లాంటిది. టైగరు గేటు సందులో మూతి పెట్టి ఉన్నాడు. మాకు మంచిదే చేస్తున్నానని చెప్పుకుంటూ ముందుకు నడిచాను. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నాలుగో రోజు నా మనసు ఆ ఏడుపు మీద ఉండగా, కొబ్బరితోట దగ్గర బూరి గొలుసు నా చేతిలోంచి జారిపోయింది.

ఆ తోటలో సంక్రాంతికి పందెంకోళ్ళను తయారుచేస్తారు. చట్టం ఒప్పుకోదు, పండుగ ఒప్పుకుంటుంది. వాటి భోగం చూస్తే మనకు సిగ్గు వేస్తుంది. బాదంపప్పు, ఉడికిన గుడ్డు, వేటమాంసం కైమా, కాలువలో ఈత, వేన్నీళ్ళ కాపడం. ఆ చీకట్లో ఒకాయన డేగపుంజు ఒకదాన్ని నేల మీద నడిపిస్తున్నాడు. బూరి ఇనుపగొలుసు గలగలలాడించుకుంటూ దాని మీదికి వెళ్ళింది. ఆయన పుంజును పైకెత్తేలోపల, తోక ఈక ఒకటి బూరి నోట్లోకి వచ్చేసింది. పుంజు చేసిన గోలకు తోటలో ఉన్న పుంజులన్నీ లేచాయి. నేను గొలుసు తొక్కిపట్టి, ఒగురుస్తూ, "ఎంత నష్టమైనా ఇచ్చుకుంటానండీ" అన్నాను. ఎంత అంటాడో ఊహించుకుంటేనే నోరెండిపోయింది.

ఆయన టార్చి నా మొహం మీద వేశాడు. "మాస్టారబ్బాయిగారా? డబ్బు మాట ఎందుకులెండి. ఈక మళ్ళీ వస్తది. నాకు ఎనిమిదో తరగతి చెప్పారు మాస్టారు" అన్నాడు. పుంజు రెక్కలు సర్ది, కాళ్ళు తడిమి చూసుకుని, కాసేపాగి అడిగాడు. "ముసల్ది ఏదండీ? మాస్టారి కుక్క? నాలుగు రోజులై కనపట్టంలేదు. పోయిందా ఏంటి?"

లేదు, కాళ్ళనొప్పులు, ఇంట్లో ఉంచి వస్తున్నానన్నాను.

"మేం ఏడింటికల్లా కోళ్ళను కట్టేసుకుంటామండి. ఆ తరవాత రండి. రెండింటినీ తెచ్చుకోండి" అన్నాడు.

డాక్టరుగారు చెప్పినప్పుడు మొరాయించినవాణ్ణి, కోళ్ళ ఆయన చెబితే ఒప్పుకోక తప్పింది కాదు.

అలా మా నడక ఏడింటికి మారింది. కాలువ మీద పొగలు అప్పటికి పల్చబడతాయి. కొల్లేరు నుంచి లేచిన గూడబాతులు, వార్తాపత్రికల్లో పెలికాన్లనేవి, వరస కట్టి గట్టు మీదుగా పోతాయి. రెక్క ఆడించకుండా అంత బరువైన పక్షి అంతసేపు ఎలా పోగలదో నాకెప్పుడూ ఆశ్చర్యమే. చీకట్లో నడిచిన అయిదేళ్ళూ నేను వాటిని సరిగా చూడనేలేదు. ఎండ వీపుకు తగులుతుంటే టైగరు నిద్రగన్నేరు దగ్గర ఆగుతాడు, వాసన చూస్తాడు, నన్ను చూస్తాడు, మళ్ళీ కదులుతాడు. బూరి గొలుసు చివరంటా లాగి నా భుజం ఊడదీస్తుంది. ఎడమ చేయి వెనక్కి, కుడి చేయి ముందుకు, నడుమ నేను. ఎవరైనా చూస్తే బట్టలారేసే దండెం నడిచి వస్తోందనుకోవాలి.

ఒక ఆదివారం గట్టు మీద ఉండగా చికాగో నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. అక్కడ కుక్కకు నడకంటే పెద్ద తతంగం. రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారట, అది పాదాల్లో పగుళ్ళు తెస్తుంది గనుక నాలుగు కాళ్ళకూ నాలుగు బూట్లు తొడగాలి, వాటిలో ఒకటి రోజూ పోతుంది. ఆ కష్టాలన్నీ చెప్పి, "టైగరును చూపించు" అంది. కెమెరా అటు తిప్పాను. వాడు తూము వైపు నడుస్తున్నాడు, తుంటి ఒక పక్కకు వాల్చి, నాలుగడుగులు వేసి ఆగి, ఆగినట్టు ఎవరికీ తెలియకూడదని పక్కకు చూస్తూ.

చెల్లెలు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అన్నయ్యా, నాన్న చివరి సంవత్సరం ఇలాగే నడిచేవారు కదా" అంది.

నేను అవునన్నాను. నిజానికి నాకు తెలియదు. 2018 డిసెంబరులో నాలుగు రోజుల సెలవు మీద వచ్చినప్పుడు రెండు ఉదయాలు నేను ఆయనతో నడకకు వెళ్ళాను. రెండు రోజులూ నేను ముందు, ఆయన వెనక. నాకు నగరపు నడక అలవాటు, చేతిలో ఫోను, ఆఫీసు ఉత్తరాలు. తూము దగ్గర ఆయన "నువ్వు పద, నేను వస్తున్నా" అన్నారు. నేను వంతెన దాకా వెళ్ళి పిట్టగోడ మీద కూర్చుని ఉత్తరాలకు జవాబులు రాసుకున్నాను. టైగరు నా దగ్గరికి పరుగెత్తుకు రావడం, వెనక్కి ఆయన దగ్గరికి పోవడం, మళ్ళీ రావడం మాత్రం గుర్తుంది. వాడికి అప్పుడు ఐదేళ్ళు. వాడు తలచుకుంటే క్షణంలో వంతెన దాటిపోగలడు. ఆఖరికి ఆయన దగ్గరే ఉండిపోయాడు. ఆయన వంతెన దాకా వచ్చారా, తూము దగ్గరి నుంచే తిరిగారా? నేను చూడలేదు. ఇంటికి వచ్చాక అమ్మ ఎందాకా అని అడిగింది. ఆయన వంతెన దాకా అనే చెప్పారు. బహుశా ఆ ఏడాదంతా అలాగే చెప్పి ఉంటారు.

మన భారతంలో కుక్క మొదట్లోనూ వస్తుంది, చివరనా వస్తుంది. ఆదిపర్వం మొదట్లో జనమేజయుని యాగశాలలో ఏ తప్పూ చేయని కుక్కపిల్లను కొట్టి తరిమితే, దాని తల్లి సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. మాకు పొరుగు మండలమైన పెదవేగిలో ఒకనాడు కొలువున్న చాళుక్యుల వంశంలోని రాజరాజ నరేంద్రుడు అడగగా నన్నయగారు ఆ కథ తెలుగు చేశారు. చివరన, తిక్కనగారు పూర్తిచేసిన మహాప్రస్థానిక పర్వంలో, ధర్మరాజు వెంట కుక్క ఒకటి నడుస్తుంది. నాన్నగారికి ఈ రెండో ఘట్టం చాలా ఇష్టం. కుక్కను వదిలి స్వర్గానికి రానన్న మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. నాకు మాత్రం ఈ మధ్య వేరే చోట మనసు ఆగుతోంది. ద్రౌపది పడిపోయింది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా పడిపోయారు. ధర్మరాజు ఒక్కొక్కరి పతనానికీ కారణం చెప్పాడు గాని నడక ఆపలేదు, వెనుదిరిగి చూడలేదు. కుక్క పడిపోలేదు గనుక సరిపోయింది. అది ముసలిదై, తూము దగ్గర కూర్చుండిపోయి ఉంటే ఏం చేసి ఉండేవాడో! ఈ ప్రశ్నకు జవాబు ఆయన్నే అడిగి ఉండవలసింది.

ఆయన వేళనూ ఆయన దారినీ ఐదేళ్ళు పొల్లుపోకుండా పాటించాను. పాటించవలసింది ఆయన వేగాన్ని. బతికి ఉన్నప్పుడు రెండు ఉదయాలు చేయలేని ఆ పని ఇప్పుడు ఆయన కుక్కతో నేర్చుకుంటున్నాను. నాలుగడుగులకు ఒకసారి ఆగడం అనుకున్నంత సులువు కాదు. మొదటి వారం ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. ఇప్పుడు కాస్త నయం.

ధనుర్మాసం వచ్చింది. గుడి మైకులో తిరుప్పావై అయిపోయే వేళకు మేము బయలుదేరుతున్నాం. మొన్న ఒక విశేషం జరిగింది. టైగరు తూముకు ఇవతల ఆగితే, బూరి కూడా గొలుసు వదులు చేసి ఆగింది. లాగకుండా, వాడు కదిలేదాకా అక్కడే నిలుచుంది. దానికి వాడి కష్టం తెలిసిందని రాయాలని ఉంది. కాని అక్కడ గడ్డిలో ముంగిస పోయిన వాసన ఏదో ఉన్నట్టుంది, ముక్కు ఎత్తలేదు. రేపు చూడాలి.

ఇంటికి వచ్చాం. టైగరు మూడు మెట్లూ ఎక్కలేకపోతే పొట్ట కింద తువ్వాలు వేసి ఎత్తాను. వాడు తన బల్ల మీద ఎండలో వాలాడు. అమ్మ కాఫీ గ్లాసు అందిస్తూ అడిగింది.

"ఎందాకా?"

"తూము దాకా" అన్నాను.

"చాల్లే" అంది అమ్మ.